‘సంతృప్తిగా ఉన్నారా’ అన్న ప్రశ్న ఎందుకు కొట్టేశాం: ఎలక్ట్రిక్ బండ్లు, యువత మీద సర్వే చేసిన అనుభవం

18 నుంచి 30 ఏళ్ల మధ్య వాళ్లు ఎలక్ట్రిక్ బండ్ల గురించి ఏమనుకుంటున్నారు, కొని నడుపుతున్నవాళ్లు ఎంత తృప్తిగా ఉన్నారు అని తెలుసుకోవడానికి మేం ప్రశ్నాపత్రం రాసి, మనుషుల్ని కలిసి, జవాబులు లెక్కగట్టిన క్రమం ఇది. ఇలాంటి సర్వే చేయబోయే విద్యార్థులకు, బండ్ల తయారీలోనో ఛార్జింగ్ సెంటర్ల నిర్వహణలోనో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

మొదటి ముసాయిదాలో అన్నిటికన్నా పైన ఉన్న ప్రశ్న ఇది: “మొత్తం మీద మీ ఎలక్ట్రిక్ వాహనంతో మీరు సంతృప్తిగా ఉన్నారా?” చివరి పత్రంలో అది లేదు. దానికి అందరూ ఠక్కున జవాబు చెప్పేస్తారు. ఇబ్బందేమిటంటే ఆ జవాబు బండి గురించి కాదు. బండి పెట్టే చోట ప్లగ్ పాయింట్ ఉందా లేదా, కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని నమ్మారు, కొని ఎన్ని నెలలైంది అన్న మూడిటినీ కలిపి ముద్ద చేసి మన చేతిలో పెడతారు. ఆ ముద్దను తర్వాత విడదీయడం ఎవరివల్లా కాదు. అందుకే మూడిటినీ విడివిడిగా అడగాలని నిర్ణయించాం. మిగతా పత్రమంతా ఆ ఒక్క నిర్ణయం చుట్టూనే మారుతూ వచ్చింది.

ముందు ఎవరిని అడగాలో తేలాలి. నడపనివాళ్ల అభిప్రాయం వేరు, నడుపుతున్నవాళ్ల తృప్తి వేరు. మేం మూడు పత్రాలు చేశాం. ఇప్పటిదాకా కొననివాళ్లకు ఒకటి, నడుపుతున్నవాళ్లకు ఒకటి, కొని అమ్మేసినవాళ్లకు ఒకటి. ఈ మూడోదాన్ని వదిలేయడం చాలా తేలిక, కానీ వదలకూడదు. నచ్చనివాళ్లంతా అమ్మేసి వెళ్లిపోయాక మిగిలినవాళ్లను మాత్రమే అడిగితే తృప్తి ఎక్కువగా కనిపించక ఏమవుతుంది? అమ్మేసినవాళ్లు ఏ గ్రూపులోనూ ఉండరు, ఏ సెంటర్‌కీ రారు. అందుకే నడుపుతున్న ప్రతి ఒక్కరినీ చివర్లో “మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఎలక్ట్రిక్ బండి కొని మళ్లీ అమ్మేశారా?” అని అడిగి, వాళ్లు కలిపిస్తే వెళ్లి మాట్లాడాం.

కొననివాళ్లందరినీ కూడా ఒకే గాటన కట్టకూడదు. వాళ్ల పత్రంలో మొదటి ప్రశ్న: “మీరు ఎప్పుడైనా ఎలక్ట్రిక్ బండి నడిపారా? నడిపితే సుమారు ఎన్ని కిలోమీటర్లు?” ఒక్కసారి నడిపినవాళ్లు కూడా పికప్ గురించి, చప్పుడు లేకపోవడం గురించి మాట్లాడతారు. అసలు నడపనివాళ్ల మాటల్లో బ్యాటరీకి నిప్పంటుకోవడం, బ్యాటరీ మార్చడానికయ్యే ఖర్చు, తిరిగి అమ్మితే ఎంత వస్తుందో అన్న దిగులు ముందుకొస్తాయి. మోటారు సున్నా వేగం దగ్గరే దాదాపు పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇస్తుంది, క్లచ్ వదలడం, గేరు మార్చడం ఉండదు. ఆ తేడా ఎంత చెప్పినా తలకెక్కదు, యాక్సిలరేటర్ తిప్పితేనే తెలుస్తుంది. కాబట్టి ఈ ఒక్క ప్రశ్న లేకుండా సేకరించిన అభిప్రాయాల్లో అనుభవమూ వినికిడీ కలిసిపోతాయి.

ఈ వయసువాళ్లతో ఇంకో చిక్కుంది. చాలామంది బండి నడిపేవాళ్లే తప్ప కొన్నవాళ్లు కారు. బండిని ఎంచుకున్నది ఎవరు, డబ్బు కట్టింది ఎవరు, రోజూ ఛార్జింగ్ పెట్టేది ఎవరు అని మూడు చిన్న ప్రశ్నలు వేశాం. డబ్బు కట్టని మనిషికి ‘ఖర్చు ఆదా’ అన్నది తృప్తిలో పెద్దగా లెక్కకు రాదు. డెలివరీ పని చేసేవాళ్లను పూర్తిగా వేరే పెట్టాలి. రోజుకు 100 కిలోమీటర్లు దాటి తిరిగే మనిషి, కాలేజీకి 15 కిలోమీటర్లు వెళ్లొచ్చే విద్యార్థి ఒకే ప్రశ్నను ఒకే అర్థంలో తీసుకోరు.

మనుషుల్ని ఎక్కడ పట్టుకోవాలన్న విషయంలో మేం చేసిన తప్పు అందరూ చేసేదే. ఛార్జింగ్ సెంటర్ల దగ్గర నిలబడ్డాం. అక్కడ ఆగినవాళ్లకు ఎలాగూ ఖాళీ ఉంటుంది, ఓపిగ్గా జవాబిస్తారు. కొద్ది రోజులకే అర్థమైంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ప్లగ్ లేనివాళ్లు. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేవాళ్లు అక్కడ కనిపించరు. పైగా రోజూ వచ్చే మనిషి, వారానికోసారి వచ్చే మనిషి కన్నా 7 రెట్లు ఎక్కువగా మన కంట పడతాడు. దీన్ని సరిచేయడానికి “గత 28 రోజుల్లో ఈ సెంటర్‌కి ఎన్నిసార్లు వచ్చారు?” అని అడిగి, ఆ సంఖ్యకు విలోమంగా బరువు ఇచ్చాం. 28 సార్లు వచ్చినవాళ్ల జవాబుకు 1/28, నాలుగుసార్లు వచ్చినవాళ్లకు 1/4. నెల అనకుండా 28 అనడానికి కారణముంది. సరిగ్గా నాలుగు వారాలు కాబట్టి శని, ఆదివారాలు అందరికీ సమానంగా వస్తాయి. యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో బండిని బాగా ఇష్టపడేవాళ్లు, బాగా విసిగిపోయినవాళ్లు ఎక్కువగా మాట్లాడతారు. సర్వీస్ సెంటర్లో కూర్చున్నవాళ్లు సమస్య వచ్చే కూర్చున్నారు. అందుకే ప్రతి పత్రం మీద అది ఎక్కడ నింపించామో ఒక కోడ్ వేసి, అన్నిటినీ కలిపే ముందు ఒక్కో చోటి జవాబుల్ని విడిగా చూశాం.

ఎంతమందిని అడగాలన్నదానికి అందరూ వాడే సూత్రముంది. 1.96 (95 శాతం నమ్మకానికి వాడే అంకె) వర్గం × 0.5 × 0.5 (జవాబులు సగం సగం చీలతాయన్న అంచనా), దాన్ని 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది, అంటే 385 మంది. 95 శాతం నమ్మకంతో తప్పు అటూ ఇటూ 5 శాతం లోపే ఉంటుందని దానర్థం. అయితే అది మొత్తం మందికి ఒకే సంఖ్య చెప్పేటప్పటి మాట. ప్లగ్ ఉన్నవాళ్లను, లేనివాళ్లను పోల్చాలంటే ఏ గుంపులో ఎంతమంది ఉన్నారన్నది చూడాలి. 100 మంది ఉన్న గుంపులో తప్పు దాదాపు 10 శాతం, 30 మందే ఉంటే 18 శాతం. అసలా సూత్రం చీటీలు తీసినట్టు ఎంచుకున్న శాంపిల్‌కి వర్తిస్తుంది, కంటపడ్డవాళ్లను అడిగితే కాదు. కాబట్టి రిపోర్టులో ‘385 మంది, 5 శాతం తేడా’ అని గొప్పగా రాసుకోకుండా, ప్లగ్ ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఆరు నెలల లోపు కొన్నవాళ్లు, దాటినవాళ్లు అని నాలుగు గళ్లు గీసి, ప్రతి గడిలో కనీసం 100 మంది ఉండేలా చూసుకున్నాం.

ఇక ప్రశ్నల మాటలు. 1932లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించిన స్కేలునే ఇప్పటికీ అందరూ వాడతారు. ఒక వాక్యం ఇచ్చి, పూర్తిగా ఒప్పుకుంటారా, ఒప్పుకుంటారా, మధ్యస్థమా, ఒప్పుకోరా, అసలు ఒప్పుకోరా అని ఐదు మెట్లు పెట్టడం. తెలుగులో ఆ నడిమి మెట్టే మమ్మల్ని ముంచింది. అక్కడ ‘పర్వాలేదు’ అని రాశాం. బండి సీటు గురించి ఒకరు పర్వాలేదు అంటే బాగానే ఉంది, ఫిర్యాదేమీ లేదు అని అర్థం. ఇంకొకరు అదే మాట కాస్త సాగదీసి అంటే సర్దుకుపోతున్నానని. కాగితం మీద ఆ సాగదీత కనపడదు కదా. నింపిన పత్రాలు పట్టుకుని కొందరిని మళ్లీ కలిసి “ఇక్కడ పర్వాలేదు అంటే ఏ లెక్కన?” అని అడిగితే రెండు అర్థాలూ వచ్చాయి. దాన్ని తీసేసి ‘అటూ కాదు, ఇటూ కాదు’ అని పెట్టాం. వినడానికి కొంచెం మోటుగా ఉన్నా ఒక్కటే అర్థం.

రెండోది వ్యతిరేక వాక్యాలు. చదవకుండా ఒకే వరుసలో టిక్కులు కొట్టుకుంటూ పోయేవాళ్లను పట్టుకోవడానికి కొన్ని వాక్యాల్ని తిప్పి రాయమని పాఠాల్లో చెబుతారు. మేం “ఛార్జింగ్ గురించి నాకు దిగులు లేదు” అని రాశాం. దానికి “ఒప్పుకోను” అని టిక్ పెట్టాలంటే మనసులో రెండు ‘కాదు’లు దాటాలి. దిగులు ఉన్నవాళ్లు కొందరు ‘ఒప్పుకుంటాను’ పెట్టారు. పక్కన కూర్చుని గట్టిగా చదివించినప్పుడే ఈ తికమక బయటపడింది. వాక్యాన్ని తిప్పాలంటే ‘లేదు’, ‘కాదు’ తగిలించకుండా అర్థాన్నే తిప్పాలి: “బయల్దేరే ముందు ఛార్జింగ్ శాతం చూసి ప్లాన్ మార్చుకోవాల్సి వస్తోంది.” ‘రేంజ్ ఆందోళన’ (రేంజ్ అంటే ఒకసారి నింపితే వచ్చే దూరం) అన్న మాటనూ ఇలాగే వదిలేశాం. అలా ఎవరూ మాట్లాడరు. “మధ్యలో ఆగిపోతుందేమో అనిపించిందా? గత 7 రోజుల్లో ఎన్నిసార్లు?” అంటే వెంటనే అందుతుంది, జవాబు కూడా సంఖ్యలో వస్తుంది. “ఛార్జింగ్ సులువుగా, వేగంగా ఉంది” లాంటి జంట వాక్యాల్ని ఎలాగూ విడగొట్టాలి. సులువుగా ఉండి నెమ్మదిగా ఉంటే పాపం ఆ మనిషి ఎక్కడ టిక్ పెడతాడు?

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది రేంజ్ ప్రశ్నకు. “ఫుల్ ఛార్జింగ్‌తో ఎంత వస్తోంది?” అని అడిగితే ఒకరు డిస్‌ప్లేలో కనిపించే అంకె చెబుతారు, ఒకరు కంపెనీ చెప్పింది చెబుతారు, ఒకరు ఎప్పుడో ఒకసారి వచ్చిన గరిష్ఠం చెబుతారు. దీని బదులు నిన్నో మొన్నో చేసిన ఒక్క ప్రయాణం అడగడం మొదలుపెట్టాం. బయల్దేరినప్పుడు ఎంత శాతం, ఆగినప్పుడు ఎంత శాతం, ఎన్ని కిలోమీటర్లు. ఉదాహరణకు 92 శాతంతో బయల్దేరి 37 కిలోమీటర్లు వెళ్లాక 48 శాతం ఉందనుకుందాం. 44 శాతానికి 37 కిలోమీటర్లు, అంటే పూర్తి బ్యాటరీకి 84. కంపెనీ చెప్పింది 120 అయితే చేతికి వస్తున్నది అందులో 70 శాతం. తృప్తితో పోల్చి చూడాల్సింది ఈ నిష్పత్తినే, ఉత్త 84ని కాదు. ఒక జాగ్రత్త అవసరం. ఖర్చయిన శాతం 20 కన్నా తక్కువుంటే ఆ ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. డిస్‌ప్లే ఒక శాతం అటూ ఇటూ చూపితే 44 శాతం మీద తేడా 2 శాతం చిల్లర, 10 శాతం మీద అదే 10 శాతం అవుతుంది.

చెప్పిన అంకెకు, వచ్చిన అంకెకు తేడా ఎందుకో సర్వే చేసేవాళ్లకు తెలిసి ఉండాలి, లేకపోతే జవాబుల్ని తప్పుగా చదువుతారు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 40 నుంచి 60కి వెళితే ప్రతి కిలోమీటరుకు గాలిని చీల్చడానికి అయ్యే శక్తి 2.25 రెట్లు. వెనక ఒక మనిషి, గాలి తగ్గిన టైర్లు, ఎక్కే దారులు తలా కొంత తింటాయి. 3 కిలోవాట్ అవర్ (అంటే 3,000 వాట్ అవర్) బ్యాటరీ కిలోమీటరుకు 30 వాట్ అవర్ తాగితే 100 కిలోమీటర్లు వస్తుంది, 40 తాగితే 75కే అయిపోతుంది. చలిలో సెల్స్ అంతర్గత నిరోధం పెరుగుతుంది, కార్లలో హీటర్ కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది. పరీక్ష పద్ధతి మారినా అంకె మారుతుంది. యూరప్‌లో 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే ల్యాబ్ పరీక్ష పద్ధతి అమల్లోకి వచ్చింది. అమెరికాలో ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) లేబుల్ కోసం ల్యాబ్‌లో వచ్చిన అంకెను సాధారణంగా 0.7తో గుణిస్తారు. అందుకే ఒకే కారుకు అక్కడ తక్కువ రేంజ్ కనిపిస్తుంది. అలా ముందే తగ్గించి చెప్పిన అంకె చూసి కొన్నవాళ్లకు తర్వాత నిరాశ తక్కువ. మార్కెటింగ్ పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్ 1980లో చెప్పిన సిద్ధాంతం సరిగ్గా ఇదే. తృప్తి అనేది వచ్చినదానికి, వస్తుందనుకున్నదానికి మధ్య తేడా నుంచి పుడుతుంది.

ఛార్జింగ్ ఎంతసేపు పడుతోంది అని అడిగిన రోజు వచ్చిన రెండు జవాబులు మా పత్రాన్నే మార్చేశాయి. ఇద్దరివీ ఇంచుమించు ఒకే సైజు బ్యాటరీ స్కూటర్లు. ఒకతను గడిలో ‘7 గంటలు’ అని రాశాడు. ఒకమ్మాయి ‘2 నిమిషాలు’ అని రాసింది. పొరపాటు పడిందనుకుని మళ్లీ అడిగితే, “ఇంటికి రాగానే ప్లగ్ పెట్టడానికి ఒక నిమిషం, పొద్దున్న తీయడానికి ఒక నిమిషం అండీ. మధ్యలో నేను పడుకుంటాను కదా” అంది. ఆ అమ్మాయి చెప్పినదే నిజమైన జవాబు. తృప్తిని తేల్చేది బ్యాటరీ నిండే సమయం కాదు, మనిషి ఎదురుచూసే సమయం. అప్పటినుంచి “ఛార్జింగ్ కోసం గత 7 రోజుల్లో మీరు వేరే పనేమీ చేయకుండా ఎదురుచూసింది మొత్తం ఎన్ని నిమిషాలు?” అని అడుగుతున్నాం. దాని పక్కనే బండి ఎక్కడ నిలుపుతారు, అక్కడ ప్లగ్ ఉందా, ఆ ప్లగ్ వాడటానికి ఎవరి అనుమతైనా అడగాలా అన్నవి. అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్లకు మూడోదే గట్టి సమస్య. ప్లగ్ ఉంటుంది, వాడనివ్వరు. బ్యాటరీ తీసి పైకి మోసుకెళ్లే బండి అయితే ఎన్ని అంతస్తులు మోస్తారో కూడా అడగండి. 10 కిలోలకు అటూ ఇటూగా ఉండే బ్యాటరీని రోజూ మూడో అంతస్తుకు మోసేవాళ్లూ లిఫ్టులో తీసుకెళ్లేవాళ్లూ ఒకే బండికి ఒకే మార్కులు వేయరు.

కార్లవాళ్లకు లెక్క వేరు. 40 కిలోవాట్ అవర్ బ్యాటరీని మామూలు సాకెట్‌కి పెట్టి 10 ఆంపియర్లు తీసుకుంటే 2.3 కిలోవాట్లే వస్తుంది. నష్టాలు కలుపుకుంటే సున్నా నుంచి నిండడానికి 19, 20 గంటలు పడుతుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గరైనా 80 శాతం దాటాక సెల్ వోల్టేజీ పైహద్దుకు చేరువవుతుంది కాబట్టి కరెంటు తగ్గించేస్తారు. ‘కంపెనీ చెప్పినంత వేగంగా ఎక్కడం లేదు’ అన్న ఫిర్యాదు వస్తే ఎంత నుంచి ఎంత శాతం దాకా ఎక్కించారని అడగండి. కంపెనీ చెప్పేది సాధారణంగా 10 నుంచి 80కి, మనిషి చూసింది 100 దాకా.

బ్యాటరీ మీద నమ్మకం గురించి అడిగేటప్పుడు ఒక సాంకేతిక విషయం గుర్తుండాలి. డిస్‌ప్లేలో 100 శాతం అంటే ఇప్పుడు మిగిలిన సామర్థ్యంలో 100 శాతం, కొత్తప్పటి సామర్థ్యంలో కాదు. అరుగుదల ఆ అంకెలో కనపడదు. కాబట్టి “మీ బ్యాటరీ తగ్గిందా?” అంటే వచ్చేది ఊహే. ఇంకోటి, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీల్లో వోల్టేజీ మధ్య భాగమంతా దాదాపు సమానంగా ఉంటుంది, ఎంత ఛార్జింగ్ మిగిలిందో కంట్రోలర్‌కి అంచనా కష్టం. అప్పుడప్పుడూ 100 దాకా నింపితేనే ఆ లెక్క సరిపడుతుంది. ‘80 దాటి ఎక్కించకూడదట’ అని ఎక్కడో విని దీనికీ అదే పాటిస్తే ఒకరోజు శాతం ఉన్నట్టుండి పడిపోతుంది. అలా ఒక్కసారి జరిగితే చాలు, ఆ మనిషి ఆ డిస్‌ప్లేను మళ్లీ నమ్మడు. అందుకని “శాతం ఒక్కసారిగా పడిపోవడం ఎప్పుడైనా చూశారా?” అన్న ప్రశ్నను, ఎంతదాకా ఛార్జ్ చేస్తారన్న ప్రశ్నను పక్కపక్కనే పెట్టాం.

ఎందుకు కొన్నారన్న ప్రశ్నకు ముందు జాబితా ఇవ్వకండి. జాబితాలో ‘పర్యావరణం’ కనిపిస్తే టిక్ పెట్టకుండా ఉండటం ఎవరికైనా ఇబ్బందే. ముందు ఖాళీ గడి, అది నింపాకే తర్వాతి పేజీలో జాబితా. రెండిటినీ పోల్చితే ఏది సొంత మాటో, ఏది మర్యాద కోసం పెట్టిన టిక్కో తెలుస్తుంది.

మొదటి ముసాయిదాలో 61 ప్రశ్నలుండేవి, చివరికి 28 మిగిలాయి. ఫోన్‌లో నింపితే 8, 9 నిమిషాలు. 30 మందితో ముందు పరీక్షించి, ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నలు కలిసి నడుస్తున్నాయో లేదో క్రోన్‌బాక్ ఆల్ఫా అనే కొలతతో చూడాలి, బాగా కలిసి నడిస్తే అది 1కి దగ్గరగా వస్తుంది. 0.7 దాటితే సరిపోతుందని ఎక్కువమంది పాటించే హద్దు. మాకు ఛార్జింగ్ ప్రశ్నల మీద అది చాలా తక్కువ వచ్చింది. ప్రశ్నలు బాగాలేవనుకుని తీసేయబోయాం. తీరా చూస్తే అర్థం తిప్పి రాసిన రెండు వాక్యాల మార్కుల్ని వెనక్కి తిప్పడం మరిచిపోయాం. ఐదు మెట్ల స్కేలు కాబట్టి 6లోంచి తీసేయాలి, 5 వస్తే 1, 4 వస్తే 2. ఆల్ఫా తక్కువొస్తే ప్రశ్నల్ని తప్పుపట్టేముందు ఇది చూసుకోండి.

చివరిది, కొన్నప్పటి అంచనా. “కొనేటప్పుడు ఎంత వస్తుందనుకున్నారు?” అని ఏడాది తర్వాత అడిగితే జ్ఞాపకం ఇప్పటి అనుభవం వైపు జరిగిపోయి ఉంటుంది. 84 వస్తున్నవాళ్లు “ముందే 90 అనుకున్నాలెండి” అంటారు. అందుకే కొందరిని బుక్ చేసి డెలివరీ కోసం చూస్తున్నప్పుడే అడిగి, బండి వచ్చిన మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఇంకోసారి మళ్లీ అడిగే పద్ధతి పెట్టుకున్నాం. మొదటి నెలల్లో కొత్త బండి మురిపెం ఉంటుంది, టైరు, బ్రేకు, సర్వీసు అపాయింట్‌మెంట్ లాంటివి ఆ తర్వాతే ఎదురవుతాయి. ఏడాది విడతను మూడు నెలల విడత జరిగిన నెలలోనే పెట్టాలి, ఎండలో ఒకసారి, చలిలో ఒకసారి అడిగితే వాతావరణం తేడా తృప్తిలో తేడాలా కనిపిస్తుంది. ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో, జవాబులు కోడ్ నంబర్‌తో ఇంకో ఫైల్లో ఉంచాలి. రెండో విడతకు దొరకనివాళ్ల మొదటి జవాబుల్ని పక్కకు తీసి, దొరికినవాళ్ల జవాబులతో పోల్చి చూడండి. మొదట్లోనే అసంతృప్తిగా ఉన్నవాళ్లు ఎక్కువగా జారిపోయి ఉంటే, రెండో విడతలో తృప్తి పెరిగిందని రాయకూడదు.